మూలన కూర్చున్న కథానాయిక

మా అన్నయ్య కొడుకు ఇంటర్ సెకండియర్. చదవాల్సిన టైములో యానిమేలు, అంటే జపాన్ కార్టూన్ సీరియళ్ళు, చూస్తాడు. నిద్రపోవాల్సిన టైములో నాకు ఫోన్ చేసి వాటి కథలు చెప్తాడు. మొన్న సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిసినప్పుడు "అత్తా, నువ్వు చెస్ ఆడేదానివి కదా, ఇది నీ కోసమే తీశారు" అంటూ ఒకటి అంటగట్టాడు. పేరు "ర్యూఓ నో ఒషిగోతో!". 2018 జనవరి నుంచి మార్చి దాకా జపాన్ టీవీలో వచ్చింది. మొత్తం 12 ఎపిసోడ్లు. అరిసెల పాకం చూసుకుంటూ సగం, భోగి రాత్రి దుప్పటి కప్పుకుని సగం చూసేశాను. చూశాక రెండు రోజులు చిరాగ్గా ఉన్నాను. బాగోకపోతే మర్చిపోవాలి కదా, చిరాకెందుకు? అది తేలక మళ్ళీ నాలుగు ఎపిసోడ్లు చూశాను. ఇప్పుడు తేలింది. అందుకే రాస్తున్నాను. (కథ చివరి దాకా చెప్పేస్తాను. చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి.)

ముందు ఆట సంగతి. షోగి అంటే జపాన్ వాళ్ళ చదరంగం. 81 గళ్ళు, చెరో 20 పావులు. మన ఆటలో చచ్చిన పావు పెట్టెలోకి పోతుంది. షోగిలో చంపినవాడి చేతికి పోతుంది, వాడి తరఫున మళ్ళీ బోర్డు మీదికి దిగుతుంది. నిన్నటి మన బంటే ఇవాళ మన రాజు మెడ మీద కూర్చుంటుందన్నమాట. అందుకే చెస్‌లో ఆట చివరికొచ్చేకొద్దీ బోర్డు ఖాళీ అయి చల్లబడుతుంది, షోగిలో చివరికొచ్చేకొద్దీ మంట రాజుకుంటుంది. ఈ ఆట ఆడి బతికే ప్రొఫెషనల్స్ అక్కడ ఉన్నారు, పేపర్లవాళ్ళు డబ్బు పెట్టి నడిపే టైటిళ్ళూ ఉన్నాయి. ర్యూఓ అనేది అందులో ఒకటి, యోమియురి పేపరువాళ్ళది. ఆ మాటకి డ్రాగన్ రాజు అని అర్థం. గెలిచినవాడికి 4 కోట్ల యెన్‌ల పైనే ఇస్తారు. ఏడు ఆటల పోరు, ముందు నాలుగు గెలిచినవాడిది టైటిల్. ఒక్కో ఆట రెండు రోజులు, చెరో ఎనిమిది గంటలు. మొదటి రోజు సాయంత్రం ఆపేటప్పుడు, వంతు ఉన్నవాడు తన ఎత్తు కాగితం మీద రాసి కవర్లో పెట్టి ఇచ్చేస్తాడు. పొద్దున్న ఆ కవరు చింపి ఆట మొదలుపెడతారు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర ఎలా పడుతుందో నాకైతే అర్థం కాదు.

కథ ఇది. కుజుర్యూ యైచికి 16 ఏళ్ళు. అంత చిన్న వయసులో ర్యూఓ అయిపోయాడు. అయ్యాక వరసపెట్టి ఓడిపోతున్నాడు. ఒకరోజు ఇంటికొచ్చేసరికి తొమ్మిదేళ్ళ పిల్ల తలుపు తీసి, నన్ను శిష్యురాలిగా తీసుకో అంటుంది. పేరు హినత్సురు ఐ. ఇషికావాలో వేడినీటి బుగ్గల ఊళ్ళో వాళ్ళకి సత్రం ఉంది. యైచి టైటిల్ పోరు అక్కడే జరిగింది. మధ్యలో నీరసించిపోయినప్పుడు ఈ పిల్ల గ్లాసుడు నీళ్ళిచ్చింది. గెలిస్తే నువ్వడిగింది ఏదైనా ఇస్తానని అతను మాటిచ్చాడు. ఇప్పుడు అడగడానికొచ్చింది. గ్లాసు నీళ్ళకి మాటివ్వడం, ఆ మాట పట్టుకుని ఒక పిల్ల రైలెక్కి రావడం, గురువు ఇంట్లోనే ఉండి విద్య నేర్చుకోవడం. మన కథల్లో పెరిగినవాళ్ళకి ఇందులో కొత్తేముంది? మొదటి ఎపిసోడ్ చూస్తూ నేను కాళ్ళు చాపుకుని సర్దుకు కూర్చున్నాను.

రెండో ఎపిసోడ్ నుంచి మొదలైంది గోల. వచ్చినవాళ్ళందరి మెడలోనూ ఒక్కో అట్ట వేలాడుతూ ఉంటుంది. ఈమె చిన్నప్పటి నుంచి అతన్ని ప్రేమిస్తూ తిట్టే అమ్మాయి. ఈమె పొగరుబోతు డబ్బున్న పిల్ల. ఈమె బుజ్జి ఫ్రెంచి పాప. ఇతను తెల్లటి కేపు కప్పుకుని, తనకి తనే దేవుడి పేరొకటి పెట్టుకుని తిరిగే ప్రత్యర్థి. ఆ కేపు అబ్బాయంటే నాకేం కోపం లేదు, పైగా నవ్వొచ్చింది. టోర్నమెంట్లలో అంతకన్నా విచిత్రమైన శాల్తీలని చూశాను. నేను ఆడే రోజుల్లో ఒకాయన ఆట మొదలయ్యే ముందు గుర్రాలు రెండిటికీ విభూతి పెట్టేవాడు. కానీ ఆయన ఆట కూడా అలాగే ఉండేది. గుర్రాల కోసం ప్రాణమిచ్చేవాడు, ఏనుగునైనా వదులుకునేవాడు గానీ గుర్రాన్ని పోనిచ్చేవాడు కాదు. ఈ సీరియల్లో కేపు కేపే, ఆట ఆటే. ఆ వేషంలో ఉన్నవాడు ఎత్తు వేస్తే అది అతని ఎత్తులా ఉండదు.

శని, ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ గది పక్కన పదకొండుమంది పిల్లలకి చెస్ నేర్పుతాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అక్కడ కూర్చుని నాకు తెలిసిందల్లా ఒక్కటే: పిల్లలు బాగా ఆడినప్పుడు అందరూ ఒకేలా ఉంటారు, తప్పు ఆడినప్పుడే ఎవరికి వాళ్ళు బయటపడతారు. నాలుగో తరగతి పాప ఒకతి ఉంది, రెండో ఎత్తుకే క్వీన్‌ని బయటికి తెస్తుంది. (మేం మంత్రి అనేవాళ్ళం. ఈ పిల్లలకి ఆ మాట చెప్తే నవ్వుతారు.) వద్దని ఏడాదిగా చెప్తున్నాను. ఆ పిల్లకి ఆగడం రాదు. బళ్ళో చెయ్యెత్తకుండా జవాబు చెప్పేస్తుందని వాళ్ళమ్మ అంటే ఆశ్చర్యపోలేదు. ఇంకో బాబు ఒక్క బంటుని కూడా చావనివ్వడు. బియ్యం డబ్బాలో డబ్బులు దాచుకున్న మామ్మలా పావులన్నీ రాజు చుట్టూ పేర్చుకుని కూర్చుంటాడు. వాడి లంచ్ బాక్సు కూడా అలాగే వెనక్కి వస్తుందట. వీళ్ళ గురించి రాయమంటే వాళ్ళ జుట్టు రంగు చెప్పనక్కర్లేదు నాకు.

ఇప్పుడు ఐ సంగతి చూడండి. షోగి నేర్చుకుని మూడు నెలలే. ఆ మూడు నెలల్లో ఇతో కంజు కట్టిన "షోగి జుకో" చిక్కుముళ్ళు వందా విప్పేసిందంటారు. 18వ శతాబ్దపు పుస్తకమది. రాజుని ఎలా పట్టాలో చెప్పే సమస్యలుంటాయి, ఆఖరిది 611 ఎత్తుల సమస్య. సరే, మేధావి. మేధావులుంటారు. మరి మేధావికి గురువు ఏం నేర్పాడు? ఈ పిల్ల ఎక్కడ తప్పుతుంది? ఎందుకు తప్పుతుంది? తప్పినప్పుడు పదహారేళ్ళ కుర్రాడు, తనే ఓటముల్లో మునిగి ఉన్నవాడు, ఏం చెప్పాలో తెలియక ఎలా తడబడతాడు? కథకి ప్రాణం అక్కడ కదా ఉంది! నేను నేర్పే మనిషిని కాబట్టి కళ్ళు పెద్దవి చేసుకుని ఆ సీన్ల కోసం చూశాను. పాఠం అని చెప్పుకోదగ్గ చోట్లు పొడిపొడిగా వచ్చి పోతాయి. ఐకి ఇబ్బంది వచ్చిందంటే గురువు పక్కన ఇంకో అమ్మాయి నిలబడిందని, అంతే. ఐ కళ్ళు నల్లబడతాయి, వెనక భయంకరమైన మ్యూజిక్ వస్తుంది, మనం నవ్వాలి. తొమ్మిదేళ్ళ పిల్ల అసూయతో మనల్ని ఎన్నిసార్లు నవ్విస్తారు?

ఆ పిల్లల్ని కెమెరా చూసే చూపు గురించి ఒక్క మాటే చెప్పి వదిలేస్తాను. నా దగ్గరికి అదే వయసు పిల్లలు వస్తారు. కొన్ని సీన్లలో నేను ఫోన్ బోర్లించి పెట్టాను. మా మేనల్లుడు కూడా "అది స్కిప్ చేసెయ్ అత్తా" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని. నిజానికి చిన్నపిల్లలు బోర్డు ముందు కూర్చుంటే ఎంత గంభీరంగా ఉంటారో జపాన్ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2019లో నకమురా సుమిరె పదేళ్ళకే గో అనే ఇంకో బోర్డు ఆటలో ప్రొఫెషనల్ అయింది. అలాంటి పిల్లలున్న దేశంలో ఈ పిల్లల్ని బొమ్మలు చేసి ఆడించడమేమిటి?

డబ్బున్న పొగరుబోతు పిల్ల అన్నాను కదా, ఆమె పేరు కూడా ఐయే, యషజిన్ ఐ. కోబేలో తాతగారింట్లో ఉంటుంది, తల్లిదండ్రులు లేరు. యైచికి రెండో శిష్యురాలు అవుతుంది. ఈ పిల్ల దగ్గర మాత్రం రచన కాస్త ఊపిరి తీసుకుంది. ఆమెది కాచుకునే ఆట, అవతలివాడి దెబ్బని ఓర్చుకుని ఓర్చుకుని తిప్పికొట్టే ఆట. ఉన్నవాళ్ళందరూ పోయాక మిగిలిన పిల్ల ఇంకెలా ఆడుతుంది? మొదటి ఐది దూసుకుపోయే ఆట. ఇద్దరికీ ఒకే పేరు, ఒకే గురువు, రెండు రకాల భయాలు. దీని మీద సీజనంతా నడపొచ్చు. ఒక ఎపిసోడ్ దాకా నడిపి, ఆమెని కూడా గురువు కోసం పోట్లాడేవాళ్ళ వరసలో నిలబెట్టేశారు.

యైచి కథలో ఇంకో చోట నాకు నోట్లో నీళ్ళూరాయి. తన ఆట మొద్దుబారిందనిపించి, ఏనుగుని వేరే దారిలో నడిపే పద్ధతి నేర్చుకుందామని, స్నానశాల నడిపే ఒక పెద్ద ఆటగాడి దగ్గరికి వెళ్తాడు. టైటిల్ ఉన్నవాడు కొత్త విద్య కోసం మళ్ళీ శిష్యుడవుతాడు! ఒకే వారంలో పొద్దున్న శిష్యుడు, సాయంత్రం గురువు. అతను అక్కడ నేర్చుకున్నది ఇంటికొచ్చి పిల్లకి ఎలా చెప్తాడో చూపించి ఉంటే చాలు. చూపించలేదు.

ఇక గింకో. ఈ సీరియల్ మీద నా కోపంలో సగం ఈ అమ్మాయిది.

సోరా గింకోకి పద్నాలుగేళ్ళు. యైచికి గురుకులంలో అక్క వరస, ఎందుకంటే రెండు వారాల ముందు చేరింది. ఆడవాళ్ళ టైటిళ్ళు రెండు ఆమె దగ్గరే ఉన్నాయి. ఆడవాళ్ళ చేతిలో ఇంతవరకు ఓడలేదు. కానీ అది ఆమెకి చాలదు. ఎందుకు చాలదో అర్థం కావాలంటే అక్కడి ఏర్పాటు తెలియాలి. ఆడవాళ్ళకి వేరే ప్రొఫెషనల్ వ్యవస్థ ఉంది. అసలు ప్రొఫెషనల్, అంటే నాలుగో దాన్ (దాన్ అంటే ఆటగాడి స్థాయి), కావాలంటే షోరేయికై అనే శిక్షణ సంఘంలో మగపిల్లలతో కలిసి మెట్టు మెట్టూ ఎక్కాలి. మూడో దాన్ లీగులో ముప్పైమందికి పైగా ఉంటారు, ఆరు నెలలకి ఇద్దరే పైకి వెళ్తారు. మామూలుగా 26 ఏళ్ళు దాటితే బయటికి. ఆ దారిలో ఒక్క ఆడపిల్లా ఇంతవరకు చివరి మెట్టు ఎక్కలేదు. నిషియామా తొమొకా 2020 మార్చిలో ముగిసిన లీగులో 14 గెలిచి 4 ఓడింది. రెండో స్థానంలో వెళ్ళినవాడికీ అవే అంకెలు. అంతకుముందు ర్యాంకు తక్కువని ఆమె ఆగిపోయింది. వేరే దారిలో పరీక్ష ఆటలుంటాయి. సతోమి కానా 2022లో ఆ పరీక్ష రాసి మొదటి మూడు ఆటలూ ఓడింది. నిషియామా అదే పరీక్షలో రెండు రెండుగా ఆఖరి ఆట దాకా వచ్చి 2025 జనవరిలో ఓడింది. నేను షోగి ఎత్తులు సరిగ్గా చదవలేను గానీ, ఆ ఆట రోజు పనులు మానుకుని ఫోన్లో వార్త కోసం చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే చెస్‌లో మేం ఆ గుమ్మం దాటినవాళ్ళం. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళకి, గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆడవాళ్ళ గ్రాండ్‌మాస్టర్ కాదు, గ్రాండ్‌మాస్టర్. అప్పటికి ప్రపంచంలో ఏ ఆడపిల్లా అంత చిన్న వయసులో ఆ టైటిల్ తెచ్చుకోలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు. మా నాన్న ఆ పేపర్ ముక్క కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించాడు. తర్వాత గుంటూరు నుంచి ద్రోణవల్లి హారిక కూడా ఆ మెట్టెక్కింది. కాబట్టి అమ్మాయి మగవాళ్ళతో సమానంగా ఆడుతుందా అనే ప్రశ్న మాకు కృష్ణా జిల్లాలో తేలిపోయింది. షోగిలో ఇంకా తేలలేదు. గింకో ఆ తేలని ప్రశ్న మొత్తాన్ని నెత్తిన పెట్టుకుని నడిచే పిల్ల.

మరి సీరియల్లో ఆమె ఏం చేస్తుంది? యైచి ఇంటికొస్తుంది. అక్కడ చిన్నపిల్లలుంటారు. మొహం చిట్లిస్తుంది. తంతుంది. ఎర్రబడుతుంది. వెళ్ళిపోతుంది. మళ్ళీ వస్తుంది. ఒక మాట, ఒక చూపు అక్కడక్కడా పడతాయి, తనకన్నా వెనక చేరిన తమ్ముడు తను అందుకోలేని చోటికి వెళ్ళిపోయాడనే బాధతో. అవి పడ్డప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. వెంటనే జోకు వేస్తారు. ఆ జోకుల్ని చేత్తో పక్కకి నెట్టి, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అడగాలనిపించింది నాకు. అమ్మా, రాత్రి పడుకునే ముందు ఏ ఆట గుర్తొస్తుంది నీకు?

చెప్పాలంటే ఈ కథ ఏం చెప్పదలుచుకుందో దానికే తెలియదు. నోటితో ఒకటి చెప్తుంది: పుట్టుకతో వచ్చిన తెలివి కన్నా పట్టుదల గొప్పది. కథ నడిపేటప్పుడు మాత్రం అడుగడుగునా మూడు నెలల్లో వంద చిక్కుముళ్ళు విప్పిన పిల్లే గెలుస్తుంది, పదహారేళ్ళ టైటిల్‌దారే గెలుస్తాడు. ఒకసారి ఆట అంటే యుద్ధం, ఇంట్లోవాళ్ళయినా కనికరం లేదు అంటుంది. ఇంకోసారి మనమంతా ఒక కుటుంబం అంటుంది. రెండూ నిజమే కావచ్చు. షోగిలో ఒక అందమైన మాట ఉంది. శిష్యుడు గురువుని ఓడిస్తే "రుణం తీర్చుకున్నాడు" అంటారు. శిష్యాదిచ్ఛేత్ పరాజయం అని మన పెద్దలు అన్నదే. ఈ సీరియల్ వస్తుండగానే, 2018 మార్చి 8న, పదిహేనేళ్ళ షోగి ప్రొఫెషనల్ ఫుజీ సోత తన గురువు సుగిమోతో మసతకతో మొదటిసారి అధికారిక ఆట ఆడి గెలిచాడు. అంతకు మూడు వారాల ముందు అసాహి కప్పు సెమీస్‌లో, షోగి లోకం దేవుడిలా చూసే హబు యోషిహరునే ఓడించి, ఆ కప్పూ ఎత్తుకుపోయాడు. పక్క ఛానెల్లో, ఒక బడిపిల్లాడి రూపంలో, యుద్ధమూ కుటుంబమూ ఒకే బోర్డు మీద కూర్చున్నాయి. ఇక్కడేమో పిల్లలు కేకు కోసం పోట్లాడుకుంటున్నారు.

ఇంత తిట్టాక కూడా మళ్ళీ ఎందుకు చూశానంటే, కేయికా కోసం.

కియోతకి కేయికా యైచి, గింకోల గురువుగారి కూతురు. పాతికేళ్ళు. ఇంట్లో అందరికీ వండి పెడుతుంది, నవ్వుతుంది, మొదటి నాలుగు ఎపిసోడ్లలో గోడకి కొట్టిన క్యాలెండర్‌లా ఉంటుంది. తర్వాత మెల్లగా తెలుస్తుంది, ఆమె కూడా ఆడుతోందని. ఆలస్యంగా మొదలుపెట్టింది. కెన్షూకైలో, అంటే పిల్లలు ఎక్కువగా ఆడే శిక్షణ తరగతిలో, తనకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళ ఎదురుగా కూర్చుంటుంది. వయసు గీత దగ్గర పడుతోంది. తండ్రి పెద్ద ఆటగాడు, తమ్ముడిలాంటివాడు ర్యూఓ, చెల్లెలిలాంటిది రెండు టైటిళ్ళ రాణి. నిన్నగాక మొన్న వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్ల కూడా తనని దాటిపోతోంది. ఆ పిల్లకి ఈమే అన్నం పెడుతుంది. ఆ ఐ, ఈ కేయికా ఎదురెదురుగా కూర్చోవలసిన రోజు కూడా వస్తుంది.

చిన్నప్పుడు తనకి తను రాసుకున్న ఉత్తరం ఒకటి ఆమెకి దొరుకుతుంది. ఆ సీన్ దగ్గర నేను ఆపేసి డాబా మీదికి వెళ్ళాను. మా అన్నయ్య గాలిపటం తోకకి పాత చీర చింపుతున్నాడు. ఏమైందే అన్నాడు. అరిసెల పొగ అన్నాను.

నా సంగతి పెద్దదేం కాదు. నాన్న ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీలు మార్చుకుని నన్ను టోర్నమెంట్లకి తిప్పేవాడు. పాసింజర్ బండి, స్టీలు డబ్బాలో పులిహోర, నా ఆట అయ్యేదాకా ఆయన బయట వేపచెట్టు కింద. జిల్లాలో గెలిచేదాన్ని, రాష్ట్రంలో మధ్యలో ఉండేదాన్ని. ఆ పైన ఎప్పుడూ లేను. పదహారేళ్ళకి తెలిసిపోయింది నాకు, పైకి వెళ్ళేవాళ్ళలో నేను లేనని. అయినా ఇంకో నాలుగేళ్ళు ఆడాను. ఎందుకు ఆడానో ఎవరికీ చెప్పలేకపోయాను. గెలుస్తాననీ కాదు, మానలేకా కాదు. కేయికా ఆడేటప్పుడు చూస్తే, అదే, ఆ మధ్యలో ఉన్నది, కనిపించింది. ఆమె తప్పులు మాత్రం ఆమెవే. సరైన ఎత్తు కనబడుతుంది, చెయ్యి అటు వెళ్తుంది, నాకు కనిపించిందంటే ఇందులో ఏదో మోసం ఉండుంటుందని వెనక్కి వస్తుంది. తన మీద తనకి నమ్మకం లేనివాళ్ళు ఆడే ఆట అది. దాన్ని రాసినవాళ్ళకి షోగి తెలుసు. ఈ సీరియల్ కొన్ని నవలల నుంచి తీసింది, కన్సాయ్ ప్రాంతపు కుర్ర ప్రొఫెషనల్స్ ఆ నవలలకి ఆట వరకు సలహాదార్లట. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం వాళ్ళలో ఎవరో చెప్పిందే అయుంటుందని నా అనుమానం.

చివరి పోరులో యైచి టైటిల్ కోసం మెయిజిన్, అంటే ఆ పేరుగల ఇంకో పెద్ద టైటిల్ ఉన్న ఆటగాడు, వస్తాడు. కథలో ఆయనకి పేరుండదు, మొహం కూడా సరిగ్గా చూపించరు. ఆ మనిషి హబు అని షోగి తెలిసిన ఎవరికైనా తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో వాళ్ళ తెలివికి దండం. దేవుడికి క్యారెక్టరైజేషన్ అక్కర్లేదు. యైచి మొదటి మూడు ఆటలూ ఓడిపోతాడు. ఇది గాల్లోంచి తెచ్చింది కాదు. 2008 ర్యూఓ పోరులో హబు చేతిలో మూడు ఓడిన వతనబె అకిర తర్వాత నాలుగూ గెలిచాడు. షోగి టైటిళ్ళ చరిత్రలో అది మొదటిసారి. అప్పుడు వతనబెకి 24 ఏళ్ళు. ఇద్దరిలో ఎవరు గెలిచినా శాశ్వత ర్యూఓ అనే బిరుదు వస్తుంది, అలాంటి పోరు అది. ఇక్కడ కూడా 0-3 నుంచి 4-3కి తెస్తారు. ఎలా తెస్తారంటే, కిందపడి ఉన్న యైచి కేయికా ఆట చూస్తాడు. ఆమె ఒక పాత మహారాణి లాంటి క్రీడాకారిణితో ఆడుతోంది. ఎక్కడా మెరుపు లేదు. పట్టుకుని వేలాడుతుంది, అంతే. అది చూసి ర్యూఓ ఏడుస్తాడు, లేస్తాడు.

ఎంత మంచి ఆలోచన! ఆ ఇంట్లో అందరికన్నా తక్కువ తెలివి ఉన్న మనిషి దగ్గర, అన్నం వడ్డించే మనిషి దగ్గర, రాజు ఆట నేర్చుకోవడం. ఈ ఒక్క వాక్యం కోసమే మొత్తం కథ రాసి ఉండొచ్చు. కానీ అప్పటిదాకా ఆమెని మూలన కూర్చోబెట్టారు కాబట్టి ఆ కన్నీళ్ళు అరువు తెచ్చినట్టుంటాయి. పైగా లేచిన యైచి ఆడేది కేయికా ఆట కాదు, మళ్ళీ మెరుపులే. కళ్ళు వెలుగుతాయి, గాలి వీస్తుంది, పావు బోర్డు మీద ఠప్పున పడుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు "ఆ ఎత్తా!" అంటారు. ఏ ఎత్తు? ఎందుకు? షోగి రాని ప్రేక్షకుడికి ఒక్క ముక్క చెప్పరు, వచ్చినవాడికి తెరమీద బోర్డు చూసే టైమివ్వరు.

12 ఎపిసోడ్లలో అయిదు నవలలు కుక్కారని మా వాడి వాదన. పుస్తకాల్లో ఇదంతా బాగుంటుందంటాడు. నవలలకి వరసగా రెండేళ్ళు అక్కడి పాఠకుల పోల్‌లో మొదటి స్థానం వచ్చింది కాబట్టి ఉండే ఉంటుంది. ఒప్పుకుంటాను, పన్నెండంటే తక్కువే. షోగి మీదే వచ్చిన ఇంకో పెద్ద సీరియల్‌కి 44 దొరికాయి. కానీ పెట్టె చిన్నదైనప్పుడు ఏం సర్దుకున్నామన్నది మన ఇష్టమే కదా. స్నానాల సీన్లకి చోటు దొరికింది, పాఠాలకి దొరకలేదు.

ఒకటి మాత్రం వాళ్ళ నుంచి ఎత్తుకొచ్చాను. షోగిలో ఆట అయిపోగానే ఓడినవాడు తలవంచి "ఓడిపోయాను" అంటాడు. పైకి అనాలి, వినబడేలా. తర్వాత ఇద్దరూ అదే బోర్డు మీద పావులు వెనక్కి పేర్చి, ఎక్కడ ఏమైందో మాట్లాడుకుంటారు. ఒక్కోసారి గంటలకొద్దీ. ఇప్పుడు నా క్లాసులో కూడా అదే పెట్టాను. క్వీన్ పాపకి "ఓడిపోయాను" అనడానికి మూడు వారాలు పట్టింది. బియ్యం డబ్బా బాబు మొదటిరోజే హాయిగా అనేశాడు.

కనుమ రోజు మధ్యాహ్నం ఇనప్పెట్టె తీస్తే నా స్కోరు పుస్తకం కనబడింది. నాన్న దాచాడు. ఆఖరి టోర్నమెంట్, ఒక కల్యాణ మండపంలో, ఏడో రౌండు, నల్లపావులు. ఆ ఆట ఎక్కడ పోయిందో నాకు కంఠతా వచ్చు. నలభై ఒకటో ఎత్తు, టైము లేక తొందరపడి ఏనుగుని జరిపాను. పదిహేనేళ్ళుగా ఆ ఏనుగుని తిట్టుకుంటున్నాను. మా మేనల్లుడు ఆ కాగితంలో ఎత్తులన్నీ ఫోన్లోకి ఎక్కించాడు. నా చేతిరాత అర్థంకాక మధ్యమధ్య విసుక్కుంటూ. కాసేపు చూసి, తల గోక్కున్నాడు.

"అత్తా, నలభై ఒకటి కాదు. పంతొమ్మిదికే పోయింది. గుర్రం."

"ఏ గుర్రం?"

వాడు లేచి బోర్డు తేవడానికి లోపలికి వెళ్ళాడు.